పిల్లల్ని కథోలిక బడిలో వెయ్యాలనుకుంటే: నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి దాటిందంటే చాలు, "సిస్టర్ల బడిలో సీటు దొరకాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. సీటు సంగతి తర్వాత. అంతకుముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి: ఆ బడి నిజంగా ఎవరిది, అక్కడ మతం సంగతులు ఎలా నడుస్తాయి, ఏడాదికి మొత్తం ఎంతవుతుంది, మన కాగితాలు సరిగ్గా ఉన్నాయా. వీటిని వదిలేసి సీటు కోసం పరిగెత్తినవాళ్లే జూన్‌లో ఇబ్బంది పడుతున్నారు. కింద చెప్పినవి అదే వరసలో చేసుకుంటూ రండి.

1. ఎందుకు వెయ్యాలనుకుంటున్నారో ముందు రాసుకోండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని, తెల్లకాగితం మీద రెండంటే రెండే కారణాలు రాయండి. విశ్వాసంలో పెరగాలనా, క్రమశిక్షణ కోసమా, ఆడపిల్లకు భద్రంగా ఉంటుందనా, ఇంగ్లీషు కోసమా, ఫీజు అందుబాటులో ఉంటుందనా? రాసిన కారణాన్ని బట్టి మీరు చూడాల్సిన బడే మారిపోతుంది.

విశ్వాసం కోసమైతే సత్యోపదేశం (కథోలిక విశ్వాస పాఠాలు) ఎవరు చెబుతారన్నది మొదటి ప్రశ్న. ఆడపిల్ల భద్రత కోసమైతే బడి వదిలాక సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా గేటు దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కావాలనుకునేవాళ్లు ఆ మాట ముందే ఒప్పుకుంటే మంచిది. చాలా కథోలిక బడులు ఆ దారిలో నడవవు. ఎనిమిదో తరగతికి వచ్చాక అసంతృప్తితో బిడ్డను బడి మార్చడం కంటే ముందే తెలుసుకోవడం నయం.

2. బోర్డు మీద "సెయింట్" అని ఉంటే సరిపోదు

అందరూ మోసపోయేది ఇక్కడే. మన రెండు జిల్లాల్లో "సెయింట్" పేరుతో మొదలయ్యే బడుల్లో కొన్ని వ్యక్తులు సొంతంగా పెట్టుకున్నవి. కొన్ని బాప్టిస్టు, లూథరన్ వంటి ఇతర క్రైస్తవ సంఘాలవి. అవి చెడ్డవని కాదు, కథోలిక బడులు కావంతే. "కాన్వెంట్" అన్న మాటకైతే అర్థమే మారిపోయింది. ఇంగ్లీషు మీడియం బడి ప్రతిదాన్నీ కాన్వెంట్ అంటున్నాం.

శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం 803వ నిబంధన ప్రకారం శ్రీసభ అధికారుల ఆధీనంలోనో, సన్యాస సభల (సిస్టర్లు, బ్రదర్ల సంఘాల) వంటి అధికారిక శ్రీసభ సంస్థల ఆధీనంలోనో ఉన్నది, లేదా శ్రీసభ అధికారులు రాతపూర్వకంగా గుర్తించినదే కథోలిక బడి. అధికారుల సమ్మతి లేకుండా ఎవరూ తమ బడికి "కథోలిక" అన్న పేరు పెట్టుకోకూడదు. మనవైపు ఇది తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

☐ మీ విచారణ (పారిష్, అంటే స్థానిక చర్చి) గురువుల్ని అడగండి. నెల్లూరు మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) పరిధిలో ఏది మేత్రాసనం బడి, ఏది మఠకన్యల (సిస్టర్ల) బడి అన్నది ఫాదర్ గారికి తెలిసే ఉంటుంది. మీరు క్రైస్తవులు కాకపోయినా వెళ్లి అడగవచ్చు.
☐ కరస్పాండెంట్ ఎవరో చూడండి. మేత్రాసనం బడిలో ఫాదర్, సభల బడిలో సిస్టర్ లేదా బ్రదర్ ఉంటారు.
☐ ఫీజు రసీదు మీద ఏ సొసైటీ పేరుందో చదవండి. వ్యక్తి పేరో, కుటుంబం పేరుతో ఉన్న ట్రస్టో కనిపిస్తే అది సొంత బడి.
☐ ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే పదకొండు అంకెల యూడైస్ కోడ్ అడగండి. మన రాష్ట్రంలో అది 28తో మొదలవుతుంది. కోడ్ చెప్పడానికి తటపటాయించే బడికి గుర్తింపు ఉందో లేదో మండల విద్యాశాఖాధికారి దగ్గర కనుక్కోండి.
☐ గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో విడిగా అడగండి. ఏడో తరగతి వరకే గుర్తింపు తీసుకుని పది దాకా నడిపే చోట పిల్లల పేర్లు పదో తరగతి పరీక్షలకు ఇంకో బడి నుంచి వెళతాయి.

3. ఎయిడెడ్‌దా, అన్‌ఎయిడెడ్‌దా?

ఊళ్లో "ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్ మిషన్) స్కూలు" అని పిలిచే పాత బడుల్లో చాలావరకు ఎయిడెడ్. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంటుంది. ఖర్చు బాగా తక్కువ. ఇక్కడ అడగాల్సింది ఒకే ఒక్కటి: మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లెంతమంది? రిటైరైన టీచర్ల స్థానంలో కొత్తవాళ్లు రాక ఖాళీలు మిగిలిపోయిన బడులున్నాయి. లెక్కలకు, సైన్సుకు టీచరు లేని హైస్కూల్లో ఫీజు లేదని చేర్చి, ఆ మిగిలిన డబ్బు ట్యూషన్లకు పోస్తే లాభమేముంది? ఖాళీల్లో మేనేజ్‌మెంట్ సొంతంగా టీచర్లను పెట్టిన చోట మాత్రం నిశ్చింతగా వెయ్యొచ్చు.

ఇంగ్లీషు మీడియం బడులు ఎక్కువగా అన్‌ఎయిడెడ్. ఖర్చంతా ఫీజు మీదే. ఒకే ప్రాంగణంలో రెండు రకాల బడులూ ఉండవచ్చు. మీరు దరఖాస్తు పెడుతున్నది దేనికో అడిగి రాసుకోండి.

ఇంకొక సంగతి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం ఉచిత సీట్లు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం కథోలిక బడుల వంటి మైనారిటీ బడులకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలంటూ ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. కాబట్టి ఉచిత సీటు ఆశతో కథోలిక బడిని లెక్కలో వేసుకోవద్దు. రాయితీ కావాలంటే దారి వేరే ఉంది, ఏడో అంకంలో చెబుతాం.

4. నెలల వారీగా చెయ్యాల్సినవి

అక్టోబరు, నవంబరు: మూడు బడుల పేర్లు రాసుకోండి. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ సరిచూసుకోండి. తప్పుంటే దిద్దించడానికి ఈ రెండు నెలలే మీ చేతిలో ఉన్నాయి.

డిసెంబరు: క్రిస్మస్ సెలవులకు ముందే ఒక మామూలు పనిరోజున బడి చూసి రండి. మిషనరీ బడుల సెలవులు వేరుగా ఉంటాయి. దసరాకు తక్కువ, క్రిస్మస్‌కు ఎక్కువ. ఇంట్లో ఒక బిడ్డ ఇక్కడ, ఇంకో బిడ్డ వేరే బడిలో ఉంటే ఇద్దరి సెలవులూ కలవవు. దసరాకు అమ్మమ్మగారి ఊరు వెళ్లే ఇళ్లలో ఇది పెద్ద సమస్యే.

జనవరి నుంచి మార్చి: దరఖాస్తు, మాట్లాడటం, సీటు ఖాయం చేసుకోవడం. నర్సరీ, ఎల్‌కేజీ సీట్లే మొదట నిండుతాయి. దరఖాస్తులు ఏ తేదీన ఇస్తారో చాలా బడులు గేటు దగ్గర నోటీసు బోర్డు మీదే పెడతాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా చదవండి.

ఏప్రిల్, మే: ఫాదర్లకు, సిస్టర్లకు బదిలీలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతాయి. పాత హెడ్‌మిస్ట్రెస్ నోటిమాటగా ఇచ్చిన హామీ కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. ఫీజు రాయితీ కానీ, రెండో బిడ్డకు సీటు కానీ, ఏదైనా కాగితం మీద రాయించుకుని ఉంచండి.

జూన్: 12వ తేదీ ప్రాంతంలో బడులు తెరుస్తారు.

5. బడి చూడటానికి వెళ్లినప్పుడు

ఆఫీసులో కూర్చుని మాట్లాడి వచ్చేస్తే బడి చూసినట్టు కాదు. రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి ఉదయం అసెంబ్లీకి పది నిమిషాల ముందు, రెండోసారి బడి వదిలే వేళకు. వార్షికోత్సవం రోజున చూసిన బడి వేరు, మంగళవారం పొద్దున చూసిన బడి వేరు.

ఉదయం: అసెంబ్లీలో ప్రార్థన ఎంతసేపు, ఏ మాటలతో జరుగుతోందో వినండి. రాజ్యాంగ ప్రవేశిక చదివిస్తున్నారా? రోజూ అసెంబ్లీలో చదివించమని భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024లో తమ బడులకు పంపిన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఏం చేస్తున్నారో గేటు దగ్గర నిలబడి చూడండి. మాటలతో సర్దుతున్నారా, ఎండలో నిలబెడుతున్నారా? క్రమశిక్షణ పేరుతో కర్ర వాడే బడిని, అది ఎవరిదైనా సరే, జాబితాలోంచి కొట్టేయండి.

తరగతి గదిలో: పిల్లల్ని లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టంలో ఐదో తరగతి వరకు 30 మందికి, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరు ఉండాలని ఉంది. మైనారిటీ బడికి ఆ చట్టం వర్తించకపోయినా కొలత వేసుకోవడానికి పనికొస్తుంది. పేరున్న బడిలో ఒక్కో సెక్షన్‌లో 50, 60 మంది ఉండవచ్చు. యూకేజీలో అంతమంది ఉంటే సాయానికి ఆయా ఉన్నారో లేదో చూడాలి.

నోటుపుస్తకాలు: మూడో తరగతి పిల్లలవి రెండు చూపించమని అడగండి, ఒకటి తెలుగు, ఒకటి లెక్కలు. తెలుగు పుస్తకంలో ఒత్తులు, గుణింతాలు దిద్ది ఉన్నాయా, లేక పేజీకొక టిక్కు పెట్టి సంతకం చేశారా? లెక్కల్లో తప్పుచేసిన లెక్కను పక్కన మళ్లీ చేయించారా? ఆ రెండు పుస్తకాలు అరగంట ఉపన్యాసం కన్నా ఎక్కువ చెబుతాయి. తెలుగు మాట్లాడితే జరిమానా వేస్తారా అని కూడా సూటిగా అడగండి. ఇంగ్లీషు రావాలంటే తెలుగును తిట్టనక్కర్లేదు.

మరుగుదొడ్లు: సిగ్గుపడకుండా చూపించమనండి. ఆడపిల్లలకు విడిగా ఉన్నాయా, గడియలు పడుతున్నాయా, నీళ్లు వస్తున్నాయా? చిన్నపిల్లల వెంట వెళ్లేది ఆయానా, మగ సిబ్బందా?

తాగునీళ్లు: కనిగిరి వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. ఆర్‌ఓ ప్లాంటు ఉందని చెబితే చాలదు. అది ఆ రోజు నడుస్తోందా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో అడగండి. జవాబు రాకపోతే ఇంటి నుంచే సీసా పంపండి.

సాయంత్రం: బిడ్డను ఎవరికి అప్పగిస్తున్నారు? కార్డు చూస్తున్నారా, "మా మామయ్య" అని చిన్నపిల్ల చెప్పగానే పంపేస్తున్నారా?

6. మతం విషయంలో నేరుగా అడగాల్సినవి

ఇక్కడ మొహమాటపడితే ఏడాది పొడవునా మనసులో గుబులే. రెండు రకాల కుటుంబాలకూ విడివిడిగా చెబుతాం.

*కథోలిక కుటుంబాలకు*

బడిలో వేశాం కాబట్టి విశ్వాస శిక్షణ అంతా సిస్టర్లే చూసుకుంటారనుకోవడం మనవాళ్లలో పాతుకుపోయిన పొరపాటు. చాలా బడుల్లో కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఒకే పీరియడ్‌లో వేర్వేరు గదుల్లో జరుగుతాయి. వారానికి ఒకటో రెండో పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే మొట్టమొదట పోయేది ఆ పీరియడే. కాబట్టి టైంటేబుల్ అడిగి చూడండి. చెప్పేది శిక్షణ పొందిన ఉపదేశా, సిస్టరా, లేక ఆ గంటకు ఖాళీగా ఉన్న టీచరా అని తెలుసుకోండి.

తొలి శుక్రవారం దివ్యపూజ (మాస్) ఉందా, అక్టోబరులో జపమాల చెప్పిస్తారా, పాపసంకీర్తనానికి (పాపాల ఒప్పుకోలుకు) ఫాదర్ గారు బడికి వస్తారా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

నూతన సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) మాత్రం మీ విచారణలోనే. దానికి బిడ్డను సిద్ధం చేసే బాధ్యత మొదట తల్లిదండ్రులది, వాళ్లతోపాటు విచారణ గురువులదీ అని శ్రీసభ చట్టం 914వ నిబంధన చెబుతోంది. ఆదివారం సత్యోపదేశ తరగతి మానిపించి బడి మీద వదిలేస్తే, నాలుగో తరగతికి వచ్చినా ఆ బిడ్డ పేరు విచారణ జాబితాకు ఎక్కదు. దగ్గర్లో కథోలిక బడి లేని ఊళ్లవాళ్లు దిగులుపడనక్కర్లేదు. అలాంటప్పుడు విశ్వాస శిక్షణ బడి బయట ఇప్పించమని 798వ నిబంధనే చెబుతోంది. ఉదయగిరి, గిద్దలూరు వంటి దూరప్రాంతాల కుటుంబాలకు ఇదే దారి.

*హిందూ, ముస్లిం, ఇతర క్రైస్తవ కుటుంబాలకు*

మన దగ్గర కథోలిక బడుల్లో ఎక్కువమంది పిల్లలు కథోలికేతరులే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం అందుకునే ఏ విద్యాసంస్థలోనైనా మత బోధనకో, ఆరాధనకో బిడ్డ హాజరు కావాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు అది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని పీఠాధిపతుల సమాఖ్య 2024 మార్గదర్శకాల్లోనూ ఉంది. ఇక చిన్న సంగతుల జాబితా:

☐ బొట్టు, పూలు, గాజులు పెట్టుకోవచ్చా?
☐ అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాడు నల్లబట్టలతో రావచ్చా? ఆ నలభై ఒక్క రోజులూ చెప్పుల్లేకుండా రానిస్తారా?
☐ ముస్లిం ఆడపిల్లలు తలమీద బట్ట కప్పుకోవచ్చా? శుక్రవారం నమాజుకు పెద్దపిల్లల్ని పంపుతారా?
☐ దివ్యపూజ రోజున మిగతా పిల్లలు ఎక్కడ ఉంటారు, వాళ్ల దగ్గర ఎవరు ఉంటారు?
☐ క్రిస్మస్ నాటికలో వేషం వెయ్యడం ఇష్టం లేకపోతే వదిలేస్తారా?

జూన్‌లో అడిగితే ఇవి మామూలు ప్రశ్నలు. నవంబరులో మాల వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాక అడిగితే గొడవ అవుతుంది. యూనిఫాం నిబంధన రాతలో ఉంటుంది, ముందే తీసుకుని చదవండి. మీకు కుదరని నిబంధన ఉంటే ఆ బడి వద్దనుకోండి. చేర్చాక బిడ్డను మధ్యలో నలిపెయ్యకండి.

ఉదయం అసెంబ్లీ ప్రార్థనకు అందరితోపాటు మౌనంగా నిలబడటానికి కూడా మీకు అభ్యంతరం ఉంటే ఆ మాట చేర్చేటప్పుడే రాసివ్వండి.

7. ఏడాది ఖర్చు: "నెలకు 1,500" వెనక ఏముంది

ఆఫీసులో చెప్పేది నెల ఫీజు. మీరు లెక్కెయ్యాల్సింది ఏడాదికి. ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహకోసమే, మీ బడివి మీరు వేసుకోండి.

• ట్యూషన్ ఫీజు: 1,500 × 12 = 18,000
• ప్రవేశ రుసుము, మొదటి ఏడాదికే: 3,000
• పుస్తకాలు, నోటుపుస్తకాలు: 5,000
• రెండు జతల యూనిఫాం, ఆటల రోజుకు తెల్లబట్టలు, బూట్లు: 4,000
• వ్యాను: 1,200 × 11 = 13,200
• పరీక్ష ఫీజు, కంప్యూటర్, వార్షికోత్సవం: 2,800

మొత్తం 46,000 రూపాయలు. నెలకు 1,500 అన్న బడి మన జేబుకు వచ్చేసరికి నెలకు 3,800 పైమాటే. ఇందులో బాగా పెరిగేది వ్యాను. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇల్లు, ఊరికి అటుపక్క బడి అయితే పది రూపాయల ఫీజు తేడా చూసుకుని వంద రూపాయలు దారికి పోసినట్టవుతుంది.

ట్యూషన్ ఫీజు పది నెలలకా, పన్నెండు నెలలకా? ఏటా ఎంత పెంచుతారు? పుస్తకాలు బడిలోనే కొనాలా? ఈ మూడూ అడగండి. విరాళం అని ఏదైనా అడిగితే రసీదు ఇస్తారా అని మర్యాదగా అడగండి. రసీదు లేని డబ్బు ఇవ్వొద్దు. "సీటు నేను ఇప్పిస్తా" అని మధ్యలో వచ్చేవాళ్లకు అసలే ఇవ్వొద్దు.

రాయితీ కావాల్సినవాళ్లు ఫిబ్రవరిలోపే హెడ్‌మిస్ట్రెస్ గారి పేర ఒక అర్జీ రాసి, రైస్ కార్డు నకలు, కథోలికులైతే విచారణ గురువుల ఉత్తరం జతచెయ్యండి. మేలో అడిగితే ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేరు. ఆ ఏడాది బడ్జెట్ అప్పటికే అయిపోయి ఉంటుంది.

అర్హత ఉన్న కుటుంబాలకు తల్లికి వందనం (రాష్ట్ర ప్రభుత్వ సాయం) గుర్తింపు పొందిన ప్రైవేటు బడి పిల్లలకూ వస్తుంది. 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున తల్లి ఖాతాలో పడింది. 15,000లో మిగిలిన రెండు వేలు బడుల నిర్వహణకు పోయాయి. ఇది ఒకటో తరగతి నుంచే. ఎల్‌కేజీ, యూకేజీ లెక్కలో ఈ డబ్బు కలుపుకోవద్దు. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోండి, తల్లి ఖాతాకు ఆధార్ లింకు సరిగ్గా ఉందో బ్యాంకులో కనుక్కోండి.

8. కాగితాలు, పేర్ల చిక్కులు

☐ బర్త్ సర్టిఫికెట్, మూడు నకళ్లు. 2023 అక్టోబరు 1న కానీ, ఆ తర్వాత కానీ పుట్టిన పిల్లలకు పుట్టినతేదీ రుజువుగా చెల్లేది ఇదొక్కటే.
☐ బిడ్డ ఆధార్, తల్లిదండ్రుల ఆధార్
☐ పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిది
☐ కుల ధ్రువీకరణ పత్రం, రైస్ కార్డు
☐ బడి మారుతుంటే టీసీ లేదా రికార్డు షీటు, ప్రోగ్రెస్ కార్డు, పెన్ నంబరు (ఆన్‌లైన్‌లో బిడ్డకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య)
☐ కథోలికులకు జ్ఞానస్నాన పత్రం (బాప్టిజం సర్టిఫికెట్), విచారణ గురువుల ఉత్తరం

చిక్కంతా పేర్లలోనే ఉంది. ఒక ఉదాహరణ చూడండి. పురిటి సమయంలో ఆసుపత్రి కాగితంలో "బేబీ ఆఫ్ సుజాత" అని రాశారు. మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉండిపోయింది. ఆధార్‌లో "స్వాతి". జ్ఞానస్నాన పత్రంలో పునీతురాలి పేరు కలిపి "మరియ జోస్ఫిన్ స్వాతి". నాలుగు కాగితాలు, మూడు పేర్లు. బడి గుమస్తా ఏది చేతికి దొరికితే అది రిజిస్టర్‌లో ఎక్కిస్తాడు. అదే పదో తరగతి సర్టిఫికెట్ దాకా నడిచి వస్తుంది.

దిద్దుకునే వరస ఇది. ముందు బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చేర్పించండి. మున్సిపాలిటీలోనో, పంచాయతీ, సచివాలయంలోనో అర్జీ పెట్టాలి. ఆ తర్వాత ఆ సర్టిఫికెట్ చూపించి ఆధార్ మార్పించండి. తలకిందులుగా చేస్తే రెండుసార్లు తిరగాలి. ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా అన్నది ఇప్పుడే తేల్చుకుని అన్నిచోట్లా ఒకేలా రాయించండి.

జ్ఞానస్నాన పత్రంలోని పేరు వేరుగా ఉన్నా కంగారుపడవద్దు. పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు కలిస్తే, రెండు పేర్లూ ఒకే బిడ్డవని విచారణ గురువులు రాసిచ్చే ఉత్తరంతో చాలా బడులు తృప్తిపడతాయి. పత్రం మాత్రం ఇప్పుడు మీరున్న విచారణలో దొరకదు. జ్ఞానస్నానం జరిగిన విచారణ రిజిస్టర్‌లోంచి తీయించాలి. అమ్మగారి ఊరు కందుకూరు అయి అక్కడ ఇప్పించి ఉంటే, అక్కడికే వెళ్లాలి. తేదీ, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు చెబితే పుస్తకంలో త్వరగా దొరుకుతుంది.

9. కులం, మతం గడులు నింపేటప్పుడు

దరఖాస్తులో ఈ రెండు గడులూ ఆఫీసులో నిలబడి హడావుడిగా రాసేవి కావు. ఇంటికి తెచ్చుకుని నింపండి. కథోలిక బడిలో చదివినంత మాత్రాన, మోరల్ సైన్స్ విన్నంత మాత్రాన ఎవరి కులమూ మారదు. చట్టం ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఈ తేడా బిడ్డ స్కాలర్‌షిప్పునూ, రేపు ఉద్యోగాన్నీ తాకుతుంది. ఉన్నది ఉన్నట్టు, మీ దగ్గరున్న ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే రాయండి. సీటు వస్తుందేమోనని మతం గడిలో లేనిది రాయడం బిడ్డకు అన్యాయం చెయ్యడమే.

10. మాట్లాడటానికి పిలిచినప్పుడు

మూడేళ్ల బిడ్డకు రైమ్స్ రుబ్బించి తీసుకెళ్లకండి. ఆ రోజు సిస్టర్ గారు ఎక్కువగా చూసేది తల్లిదండ్రుల్నే. ఇంట్లో ఎవరు చదివిస్తారు, పేరెంట్స్ మీటింగ్‌కు ఎవరు వస్తారు, ఫీజు సమయానికి కట్టగలరా అని అడుగుతారు. ఉన్నది చెప్పండి. బిడ్డకు మాటలు ఆలస్యమైనా, మూర్ఛ, ఆస్తమా వంటివి ఉన్నా దాచవద్దు. తరగతిలో ఏదైనా అయినప్పుడు టీచరుకు తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

సీట్లు ఇచ్చే వరస బడిబడికీ మారుతుంది. విచారణలోని కథోలికులు, ఇప్పటికే చదువుతున్న పిల్లల తమ్ముళ్లు చెల్లెళ్లు, ఆ తర్వాత మిగతావాళ్లు అన్నది ఎక్కువగా కనిపించే వరస. మీరు ఏ వరసలో ఉన్నారో అడిగితే చెబుతారు.

11. వ్యాను, హాస్టల్

బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది. కొత్త ఫిట్‌నెస్ తీసుకున్నారా అని జూన్ మొదటివారంలో అడగండి. ఆటో అయితే డ్రైవర్ పక్కన బిడ్డను కూర్చోబెట్టుకునేవాళ్లతో మాట్లాడుకోకండి. ఒంటిపూట బడులప్పుడు మధ్యాహ్నం ఎండలో వ్యాను ఎంతసేపు తిరుగుతుందో, మీ బిడ్డ ఎన్నో స్టాపులో దిగుతుందో కనుక్కోండి.

హాస్టల్‌లో వేసేవాళ్లు రాత్రి వార్డెన్ ఎక్కడ పడుకుంటారు, జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళతారు, ఇంటికి ఫోను ఎప్పుడు చేయిస్తారు అన్న మూడూ అడగకుండా బిడ్డను వదలొద్దు. పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరు, అమ్మానాన్నల ఫోను నంబర్లు బిడ్డకు నోటికి రావాలి.

12. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

పాత బడి టీసీ ఇవ్వకపోవడం. బాకీ తీర్చి, రసీదు తీసుకుని, రాతపూర్వకంగా అడగండి. టీసీ చేతికి వచ్చాక కూడా ఆన్‌లైన్‌లో బిడ్డ పేరు పాత బడి లాగిన్‌లోనే ఉండిపోతుంది. పెన్ నంబరు కొత్త బడికి మారిందో లేదో ఆఫీసులో కంప్యూటర్ దగ్గరే చూపించుకోండి. మారకపోతే తల్లికి వందనం జాబితాలో పేరు తప్పిపోతుంది. నెలలోపు మారకపోతే మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టండి.

ఒక్క బడికే దరఖాస్తు పెట్టడం. మార్చిలో లేదనిపించుకుని, ఏప్రిల్‌లో దొరికినచోట చేర్చడం. విరుగుడు ముందే చెప్పాం, మూడు బడులు.

వయసు పెంచి రాయించడం. ఏ తేదీకి ఎన్నేళ్లు నిండాలో బడి చెబుతుంది. రెండు నెలలు తక్కువైతే ఒక ఏడాది ఆగండి. తొందరపడి చేర్చిన బిడ్డ ఒకటో తరగతిలో పెన్సిల్ పట్టలేక ఏడుస్తుంది.

13. సీటు రాలేదంటే

వెయిటింగ్ లిస్టులో పేరు, నంబరు రాయించుకోండి. మే ఆఖరులో, జూన్ మూడోవారంలో మళ్లీ వెళ్లి అడగండి. బదిలీల మీద ఊరు మారే ఉద్యోగుల పిల్లల సీట్లు అప్పుడే ఖాళీ అవుతాయి. నర్సరీలో రానివాళ్లకు కొత్త సెక్షన్ తెరిచే తరగతిలో మళ్లీ అవకాశం ఉంటుంది. ఆ తరగతి ఏదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

14. చేర్చాక మొదటి మూడు నెలలు

మొదటి వారం: డైరీలో బిడ్డ రక్తం గ్రూపు, మందులు, ఎవరికి అప్పగించాలో రాయండి. యూనిఫాం కాలర్ లోపల పేరు కుట్టండి.

మొదటి నెల: ప్రవేశ రిజిస్టర్‌లో పేరు, పుట్టినతేదీ, కులం గడులు మీ కళ్లతో చూసి రండి. ఇప్పుడు దిద్దడం ఒక సంతకం పని. పదో తరగతిలో దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

రెండో నెల: పేరెంట్స్ మీటింగ్‌కు ఇద్దరూ వెళ్లండి. మార్కులు ఆఖర్న అడగండి. ముందు "మా పాప ఎవరి పక్కన కూర్చుంటోంది, మధ్యాహ్నం డబ్బా తింటోందా" అని అడగండి.

మూడో నెల: బిడ్డ బడికి వెళ్లనని రోజూ ఏడుస్తుంటే తిట్టకుండా కారణం కనుక్కోండి. టాయిలెట్‌కు పంపకపోవడం, వెనక బెంచీ నుంచి బోర్డు కనిపించకపోవడం, ఆటోలో పెద్దపిల్లలు ఏడిపించడం, ఎక్కువసార్లు ఇవే ఉంటాయి. క్లాస్ టీచరుకు చెప్పండి. వారంలో మార్పు రాకపోతే హెడ్‌మిస్ట్రెస్ గారికి కాగితం మీద రాసివ్వండి, ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.